రెండు వందల క్రౌన్ల కన్ను

ఓస్త్రావా ఆదివారం సంతలో
పాత బూట్లకీ, చిట్లిన పింగాణీకీ మధ్య దొరికింది.
రెండు వందల క్రౌన్లు. బేరం ఆడలేదు.
బ్యాటరీ మూత నిలవకపోతే
ట్రామ్ షెడ్డులో వైర్లకి చుట్టే నల్ల టేపు చుట్టాను.
బటన్ నొక్కగానే తీయదు.
కాసేపు ఆలోచించి,
చిన్నగా నిట్టూర్చి,
అప్పుడు తీస్తుంది.
ఈలోగా చేప తన దారిన తను పోతుంది.

ఇప్పటికి నా దగ్గర
నూట నలభై తోకలున్నాయి.

అక్వేరియం నాది కాదు.
మూడో అంతస్తు హెద్వికా గారిది.
తుంటి విరిగి ఆసుపత్రికి పోతూ
తాళంచెవి, మేత డబ్బా, ఒక కాగితం నా చేతిలో పెట్టింది:
నియాన్లు పదకొండు.
గప్పీల్ని లెక్కపెట్టకు.
క్యాట్‌ఫిష్ ఒక్కడే, పేరు బోనిఫాత్స్.
వాడికి దోసకాయ ఇష్టం.

వెళ్ళినప్పుడల్లా వాడి సంగతే అడుగుతుంది.
వెళ్ళినప్పుడల్లా నేను నీళ్ళు నమిలాను.
అక్టోబర్ నుంచీ వాడు నా కంటపడలేదు.
పోనీ, మిగతావాళ్ళనైనా చూపిద్దామని
ఈ ఫొటోల పని.

చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదంటారు.
నిజమే.
నిలబడ్డం నేర్పేవాళ్ళే లేరు.

ఫ్లాష్ వేస్తే అద్దంలో గుడ్డి తెలుపు.
ఫ్లాష్ ఆపితే నీళ్ళలో నా బట్టతల,
ఆవిడ గోడ గడియారం,
నా చొక్కా గుండీల మధ్య ఈదే నియాన్లు.
తొట్టి దీపం తప్ప అన్నీ ఆర్పేశాను.
నల్ల స్వెటర్ తొడిగి, నల్ల అట్టకి చిల్లు పొడిచి
అందులోంచి లెన్సు బయటపెట్టి
మోకాళ్ళ మీద కూచున్నాను.
"దొంగతనానికా, రదోవాన్ అంకుల్?"
ఐదో అంతస్తు మతోష్, పదేళ్ళవాడు.
నవ్వడం అయ్యాక వాడే చెప్పాడు:
చేప ఉన్నచోట కాదు, రాబోయేచోట నొక్కాలట.
ముప్పై ఏళ్ళుగా ట్రాముల బ్రేకులు బాగుచేస్తున్నాను,
ఇంకా రానిదాన్ని ఆపమని
నన్నెవరూ అడగలేదు.

చిటికెడు మేత వేసి,
ఖాళీ నీళ్ళకి గురిపెట్టి నొక్కాను.
కెమెరా నిట్టూర్చేసరికి
రెండు నియాన్లు, మొహాలతో సహా.

అయినా దాని బుద్ధి పోనిచ్చుకోలేదు.
లోపల అన్ని రంగులుంటే
అద్దం మీది గీతకే ఫోకస్ పెడుతుంది.
ఎడమవైపు మూల, బొటనవేలంత గీత.
ఎటు జరిపినా చూపు అక్కడికే.

రాత్రి చెరిపేస్తూ కూచున్నాను.
ఒకదాంట్లో అన్నీ తప్పే.
గప్పీలు పొగలా ఉన్నాయి,
ఫోకస్ చేపల్ని దాటి, ఆకుల్ని దాటి
వెనక చెట్టుమొద్దు కిందికి పోయి కూచుంది.
చెరపబోయి, పెద్దది చేసి చూశాను.
మీసాలు.
ముక్కు మీద మొలిచిన కొమ్మల్లాంటి మీసాలు.
పరుగున మెట్లు దిగి వెళ్ళి టార్చి వేస్తే
మొద్దుంది, చీకటుంది,
అంతకు మించి నా కళ్ళకేమీ ఆనలేదు.

ప్రింట్లు తీసుకెళ్ళాను.
నియాన్లని ఆవిడ పేకముక్కల్లా తిప్పేసింది.
నేనే ఆగలేక వేలు పెట్టి చూపించాను: బోనిఫాత్స్!
"ఊఁ. రాత్రి రెండింటికి వస్తాడు.
నువ్వు పడుకుంటావుగా."
మూడు నెలల నా దొంగచూపులు
ఆవిడకి ముందే తెలుసేమో, అడగలేదు.

ఆగింది ఆఖరిదాని దగ్గర.
పొరపాటున కలిసిపోయిన ప్రింటు.
చేపలన్నీ మసక,
గీత ఒక్కటే వెంట్రుకంత స్పష్టంగా.
దాని వెంబడి గోరు నడిపింది.
"ఇది నేను గీసిందే. కొన్నరోజునే.
ధర చీటీ ఊడకపోతే బ్లేడుతో గోకాను.
ఇంటికొచ్చి ఏడ్చాను కూడా."
దాన్ని మందుల గ్లాసుకి ఆనించి నిలబెట్టింది.
మిగతావి నాకే ఇచ్చేసింది.

దారిలో దోసకాయ కొన్నాను.
చక్రాలుగా కోయాలో, నిలువుగా చీల్చాలో
కాగితంలో రాయలేదు.